యెగార్ చీటీ

మూడేళ్ళుగా ఆ చీటీ మాస్టారి బల్ల సొరుగులోనే పడి ఉంది. పోస్టుకార్డంత అట్టముక్క. పైన నీలం సిరాతో ‘యెగార్’ అనే స్పానిష్ మాట, దాని పక్కన ‘చేరుకోవడం’ అని అర్థం, కింద ఎనిమిది పంక్తుల వివరణ. ఆ నీలం సిరా ఆయన భార్యది. అంచున రెండు చోట్ల ఎర్ర సిరా, అది ఆయనది. రెండుసార్లూ ఒకటే వాక్యం: ‘నమ్మదగ్గ ఆధారం కాదు.’

మూడోసారి ఆవిడ ఒక్క అక్షరం మార్చకుండా అదే చీటీని తిరిగి పంపింది. నెల తిరక్కుండానే మంచం పట్టింది. తరవాత ఇంకే చీటీ పంపలేదు.

వాళ్ళది నిఘంటువు తయారుచేసే ఆఫీసు. పాత భవనంలో మూడో అంతస్తు. లిఫ్టు రెండో అంతస్తు దాకానే వస్తుంది. పైకి రావలసినవాళ్ళకి చదువు మీద ఎంత శ్రద్ధ ఉందో ఆ చివరి ఇరవై మెట్లే తేలుస్తాయని ఎడిటరుగారు అంటూ ఉంటారు. మాస్టారికి ఈమధ్య ఆ ఇరవై మెట్లూ నలభైలా తోస్తున్నాయి. మధ్యలో కిటికీ ఉన్నచోట ఆగి, బయట ఏదో చూస్తున్నట్టు నటించి, ఊపిరి తీసుకుని మిగతావి ఎక్కుతారు. ఆ మలుపులో కిటికీ పెట్టినవాడెవడోగాని వాడికి పుణ్యం ఉంటుంది.

ఆ ఆఫీసు పనల్లా స్పానిష్ మాటలకి మన భాషలో అర్థం రాయడం, ఆ మాట లాటిన్‌లో ఏ ఇంట పుట్టిందో చెప్పడం, ఇంగ్లీషులో దానికున్న చుట్టాలెవరో చూపించడం. ఇంగ్లీషు కాస్తో కూస్తో వచ్చిన విద్యార్థికి కొత్త మాట ఒంటరిగా ఎదురైతే గుబులు. ఫలానావాళ్ళ తాలూకు అంటే మొహం గుర్తుంటుంది. ‘యేనో’ అంటే నిండుగా ఉన్నది. లాటిన్‌లో దాని పేరు ‘ప్లేనుస్’. ఇంగ్లీషులో ‘ప్లెంటీ’ దాని చెల్లెలు. లాటిన్‌లో ‘ప్ల’తో మొదలైన మాటలు చాలావాటికి స్పానిష్‌లో ఆ ‘ప్ల’ అరిగిపోయి రెండు ‘ఎల్’లు మిగిలాయి. పలకడానికి ‘య’లా ఉంటాయి. అలాంటి మాటలన్నీ ఎల్ సంపుటం చివర జంట ఎల్ అనే చిన్న భాగంలో ఉంటాయి. మొత్తం కలిపితే అరవై చీటీలు.

ఆ అరవై చీటీలూ రాసింది మాస్టారి భార్యే. బడిలో స్పానిష్ చెప్పి రిటైరై, ఊరికే కూచోలేక ఈ ఆఫీసుకి వచ్చింది. చీటీ రాసినవాళ్ళ పేరుకి గుర్తుగా రెండక్షరాలు అచ్చులో ఆ మాట కింద పడతాయి. ఐదు పంక్తులకి తక్కువున్న చీటీకి అక్షరాలుండవు. చీటీ దిద్దేవాడు మూడు పంక్తులు మించి మార్చాడా, ఆ చీటీ చెయ్యి మారుతుంది. రాసినవాళ్ళ అక్షరాలు పోయి దిద్దినవాడివి పడతాయి. సంపుటం ముందు పేజీల్లో రచయితల పట్టిక ఉంటుంది. లోపల ఒక్క చోటైనా అక్షరాలు పడినవాళ్ళకే అందులో పేరు.

ఆవిడ రాసిన అరవైలో ముప్పై ఎనిమిది చిన్నవి. తక్కిన ఇరవై రెండింటిలో ఇరవై ఒకటి మాస్టారి చేతిలో పడి చెయ్యి మారాయి. పెళ్ళాం చీటీలని చూసీ చూడనట్టు వదిలేశాడంటారేమోనని ఆయన భయం. అందుకని వేరేవాళ్ళవి ఒకసారి చూస్తే ఆవిడవి మూడుసార్లు చూసేవారు. మూడుసార్లు చూస్తే రాతిలో కూడా తప్పు దొరుకుతుంది.

ఇక మిగిలింది యెగార్ ఒక్కటి.

మంగళవారం పొద్దున్న ఎడిటరుగారు కర్ర ఊతంతో ఆయన బల్ల దగ్గరికి వచ్చి, కుర్చీ లాక్కుని కూచున్నారు. ఆ మనిషి లేచి ఒకరి బల్ల దగ్గరికి వెళ్ళారంటే అక్కడేదో ఆలస్యమైందని అర్థం.

“ఏమయ్యా మాస్టారూ, శుక్రవారం ఎల్ సంపుటం ప్రెస్సుకి వెళ్ళాలి. అన్నీ వచ్చాయి. ఒక్క చీటీ నీ దగ్గర గుడ్లు పెడుతోంది.”

“చూస్తున్నానండీ.”

“మూడేళ్ళ నించా? సంతకం పెట్టి పడెయ్యవయ్యా. బాగుందిగా! లాటిన్‌లో ‘ప్లికారే’ అంటే మడవడం. రేవు చేరగానే నావికులు తెరచాపలు మడిచేవాళ్ళు, మడవడం కాస్తా చేరుకోవడం అయింది. పిల్లవాడు చచ్చినా మర్చిపోడు. ఓడ కనిపిస్తుంది, తెరచాప కనిపిస్తుంది.”

“కనిపిస్తాయండీ. ఉన్నాయో లేదో తెలీదు.”

“నీకు తెలిసిందేమిటో చెప్పు.”

“‘అప్లికారే’ అని ఉంది. ఒకదాన్ని ఇంకోదాని దగ్గరికి చేర్చడం. ఓడని ఒడ్డుకి ఆనించడానికి కూడా అదే అనేవారు. దాని తల అరిగి ‘ప్లికారే’ మిగిలింది. అంతే. తెరచాప మడిచినందువల్ల ఈ అర్థం వచ్చిందని ఏ పాత రాతలోనూ లేదు.”

ఎడిటరుగారు ఆ చీటీని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశారు. “ఓడ కథ ఐదు పంక్తులుంది. తీసేస్తే ఇది నీ చీటీ అయిపోతుంది.”

“అవునండీ.”

“ఆవిడ పేరు ఇంకెక్కడా లేదు కదూ?”

“లేదండీ.”

పెద్దాయన చీటీ బల్ల మీద పెట్టేశారు. కర్ర మీద గడ్డం ఆనించి కూచున్నారు. “గురువారం సాయంత్రం దాకా చూస్తాను. అప్పటికీ తేల్చకపోతే కామా చేత కొత్తది రాయిస్తాను. నీకూ బాధ ఉండదు, నాకూ ఉండదు,” అని లేచి వెళ్ళిపోయారు.

కామా అంటే స్పానిష్ విభాగంలో ఇప్పుడు పనిచేస్తున్నావిడ. ముప్పై అయిదేళ్ళుంటాయి. మాటల్లో ఫుల్‌స్టాప్ పెట్టడం తెలీదని ఆఫీసంతా కలిసి పెట్టిన పేరు. ఆవిడకీ ఇష్టమే. ఎడిటరుగారు అటు తిరగడం ఆలస్యం, పక్క బల్ల మీంచి ఇటు వంగింది.

“మాస్టారూ, ఒక మాట చెప్పనా, రొమేనియా భాషలో ఇదే ప్లికారే ‘వెళ్ళిపోవడం’ అయిందట, సైనికులు గుడారాలు మడిచి బయల్దేరేవాళ్ళు కాబట్టి, ఇక్కడ మడిస్తే రావడం, అక్కడ మడిస్తే పోవడం, ఎంత బాగుందో కదా, నన్ను రాయమంటే నేను రెండూ రాసేస్తాను, కాని నాకు రాయాలని లేదు, ఎందుకంటే అది అమ్మగారి చీటీ, నేను వేలు పెట్టను.”

“గుడారాలకీ ఆధారం లేదమ్మా.”

“మీకు ఆధారం లేకపోతే అన్నం కూడా సహించదు మాస్టారూ.”

ఆయన నవ్వారు. నవ్వి చాలా రోజులైంది కాబట్టి బుగ్గలు కొంచెం నొప్పి పెట్టాయి.

ఇంట్లో ఆయనా వదినా ఉంటారు. వదిన అంటే భార్య అక్కగారు. ఆసుపత్రి వార్డుల్లో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి. చెల్లెలికి బాగాలేదని చూసుకోడానికి వచ్చి, చెల్లెలు పోయాక కూడా ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయారని ఆయన అడగలేదు, ఆవిడా చెప్పలేదు. సాయంత్రం తలుపు తీస్తే దీపం వెలిగి ఉంటుంది. దాన్ని ప్రశ్నించడం దేనికి?

ఆ సాయంత్రం కంచం ముందు కూచుని ఆయన మెతుకులు కెలుకుతుంటే ఆవిడ కనిపెట్టింది.

“శుక్రవారమేగా?”

“మీకెవరు చెప్పారు వదినా?”

“మీ ఆఫీసు పిల్ల ఫోన్ చేసింది. చెప్పిందేదో గంటసేపు చెప్పింది. ఏం చేస్తావ్ మరిదీ?”

“ఏం చెయ్యాలో తెలీడం లేదు. వదిలేస్తే ఆవిడ పేరు మీద అబద్ధం అచ్చవుతుంది. దిద్దితే ఆవిడ పేరే పోతుంది.”

“అరవై చీటీలు రాసింది నా చెల్లెలు. మంచినీళ్ళు తాగడం మర్చిపోయి రాసింది. ఒక్కదానికీ దాని పేరు లేదు. కోడలు వంటంతా చేస్తే, అత్తగారు చివర్లో చిటికెడు ఉప్పేసి కూర నాదేనందట! అలా ఉంది నీ దిద్దుడు.”

“చిటికెడు కాదు వదినా. మూడు పంక్తులు దాటితేనే...”

“అబ్బో, నియమాలు! పంక్తులు లెక్కపెట్టుకుంటూ కాపురం చేశావు.”

ఆయనకి కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కాస్త ఓపిక కావాలి. కంచం తీసి కడిగి బోర్లించి, తన గదిలోకి వెళ్ళి కూచున్నారు. వదిన అన్నదాంట్లో అబద్ధం లేదు. మూడోసారి చీటీ తిరిగి వచ్చిన రోజు గుర్తుకొచ్చింది. భార్య ఇదే గదిలో తడి జుట్టు తుడుచుకుంటూ ఉంది. ‘ఆధారం ఇచ్చాను కదండీ, చీటీ మీదే ఉంది, చూడండి,’ అంది. ‘చూశాను. ఇలాంటి కథలు చెప్పే పుస్తకాలు నాకు తెలుసు,’ అన్నారాయన. ‘చూశానంటే చూసినట్టు కాదు,’ అంది. ఇంకేమీ అనలేదు. ఆయనా అడగలేదు. అప్పటికి ఇద్దరికీ నిద్రవేళయింది.

బుధవారం ఉదయం ఆయన చీటీ తీసి బల్ల మీద పెట్టుకుని గంటసేపు చూశారు. ఇంగ్లీషు చుట్టాల జాబితా ఎంత చక్కగా కుదిరిందో ఇన్నేళ్ళలో మొదటిసారి గమనించారు. అప్లై, ఎంప్లాయ్, డిస్‌ప్లే, రిప్లై, కాంప్లికేట్. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్కొక్కదాని పక్కన బడిపిల్లలకి చెప్పినట్టు నాలుగు మాటలు. వీటిలో ఆయన వేలు పెట్టవలసిందేమీ లేదు. తప్పంతా ఓడ దగ్గరే.

పక్క బల్ల దగ్గర కామా ఆధారాల పట్టిక తయారుచేస్తోంది. ఆఫీసులో ఉన్న ప్రతి పుస్తకానికీ ఒక నంబరుంటుంది. చీటీ రాసేవాళ్ళు పుస్తకం పేరు రాయరు, ఆ నంబరూ పుటా వేస్తారంతే. సంపుటం చివర ఏ నంబరు ఏ పుస్తకమో పట్టిక ఇవ్వాలి. కామా రిజిస్టరు ముందేసుకుని ఒక్కొక్కటే చదువుతూ, మధ్యలో తనలో తనే మాట్లాడుకుంటోంది.

“మాస్టారూ, ఆ చీటీ ఒకసారి ఇస్తారా, దానికీ నంబరుంటుంది కదా, ఉంచుతారో తీస్తారో గాని నేను రాసి పెట్టుకుంటాను, ఆఁ, పదిహేడు, రెండువందల పన్నెండో పుట, పదిహేడంటే...” అని రిజిస్టరు మొదటి పేజీకి వెళ్ళి ఆగిపోయింది.

కామా ఆగిపోవడం వింత. మాస్టారు తలెత్తి చూశారు.

“ఏమిటమ్మా?”

“పదిహేడు మన పుస్తకమే మాస్టారూ.”

“మన పుస్తకమంటే?”

“మన నిఘంటువే. మొదటి సంపుటం.”

మొదటి సంపుటం, అంటే ‘ఎ’తో మొదలయ్యే మాటలు. ఇరవై ఏడేళ్ళ కిందటి అచ్చు. ఆయన వెనకనున్న అరలోనే ఉంది. వీపు చిరిగితే గుడ్డ అంటించారు. కామా లేచి తియ్యబోతే, “నేను తీస్తాను,” అని ఆయనే తీశారు. రెండువందల పన్నెండో పుట. ‘అరిబార్’. ఒడ్డుకి చేరడం. లాటిన్‌లో ‘రీపా’ అంటే ఒడ్డు. ఇంగ్లీషులో ‘అరైవ్’ దీని చుట్టం, ‘రివర్’ కూడా. ఇంతవరకూ బాగానే ఉంది. చివర ఒక వాక్యం అదనంగా తగిలించి ఉంది: ‘యెగార్‌తో పోల్చి చూడండి. రేవు చేరిన నావికులు తెరచాపలు మడిచేవారు గనుక, మడవడం అనే మాటకే చేరడమన్న అర్థం వచ్చింది.’

దాని కింద రెండక్షరాలు. ఆయనవే.

ఎప్పుడు రాశారో జ్ఞాపకం లేదు. ఎవరి దగ్గర విన్నారో మాత్రం లీలగా గుర్తుంది. కాలేజీలో ఒక లెక్చరరు పాఠం మధ్యలో చెప్పిన కథ. ఈ ఆఫీసులో కొత్తగా చేరిన కాలం, మీసంతో పాటు నమ్మకాలూ నల్లగా ఉన్న రోజులు. ఆధారం నంబరు వెయ్యాలని కూడా తోచలేదు. దిద్దినవాళ్ళకీ తోచలేదు. అచ్చయిపోయింది. అచ్చయిందే ఆధారమై ఆవిడ చీటీలోకొచ్చింది. దాని పక్కనే తన చేత్తో, ఎర్ర సిరాతో, రెండుసార్లు రాశారు: నమ్మదగ్గ ఆధారం కాదు.

కామా ఆయన భుజం మీంచి చదివింది. చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో మరొకటో తెలీలేదు. కాసేపటికి తన ఫ్లాస్కులోంచి టీ పోసి ఆయన ముందు పెట్టి, మాటా పలుకూ లేకుండా వెళ్ళి తన కుర్చీలో కూచుంది. అంత మాట్లాడే మనిషి ఆ పూటంతా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ ఉపకారం తక్కువది కాదు.

ఆయన టీ తాగలేదు. ఆయన్ని ఇంకొకటి పొడుస్తోంది. ఓడ కథకి సాక్ష్యం లేదని తెలిసిన మనిషికి, దానికి బదులు ఏముందో కూడా తెలుసు. పదహారు వందల ఏళ్ళ కిందట ఒకావిడ పుణ్యక్షేత్రాలు చూడబోయి, దారిలో చూసిందంతా తన ఊరి ఆడవాళ్ళకి లాటిన్‌లో రాసి పంపింది. ఎడారి ఇసుకలో ప్రయాణం చేసి సముద్రం దగ్గరికి చేరామని చెప్పడానికి ఈ ప్లికారే మాటే వాడింది. అక్కడ ఓడా లేదు, తెరచాపా లేదు. నేల మీద నడిచి ఒక చోటికి దగ్గరవడం, అంతే. ఆ సంగతి ఆయనకి ఎన్నేళ్ళుగానో తెలుసు. చీటీ అంచున ఆ ఒక్క ముక్క రాసి ఉంటే భార్యే దిద్దుకునేది. ఆవిడ చీటీ ఆవిడకే ఉండేది. ఆయన ‘కాదు’ అని రాశారేగాని ‘ఇదీ’ అని రాయలేదు. ఒక్క యెగార్‌కేనా? ఇరవై రెండింటికీ అంతే.

సాయంత్రం ఇంటికెళ్ళాక చెప్పులు విప్పకుండానే వదినకి చెప్పేశారు. సంపుటమూ, పుటా, రెండక్షరాలూ, అన్నీ. మందలింపు తప్పదనుకుని కుర్చీ అంచున కూచున్నారు.

వదిన తిట్టలేదు. చేతిలో తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని, ఆయన మొహంలోకి చూసి, పెదవులు బిగబట్టింది. బిగబట్టినా ఆగలేదు. ఫక్కున నవ్వింది.

“ఎట్టకేలకి చూశావన్నమాట!”

“మీకు తెలుసా వదినా?”

“తెలియకేం? ఆసుపత్రిలో అది ఎన్నిసార్లు చెప్పిందో! నొప్పి మందిచ్చాక కాస్త తేరుకునేది చూడు, అప్పుడు. ‘అక్కా, నమ్మదగ్గ ఆధారం కాదని తన మీదే తను రాసుకున్నాడే పిచ్చి మారాజు. ఎప్పటికైనా ఆ పుస్తకం తీసి చూడకపోడు. ఆ రోజు ఆ మొహం చూడాలి,’ అని ఒకటే నవ్వు. సెలైన్ సూది ఊడొస్తుంది ఊరుకోవే అని నేను కసిరేదాన్ని.”

“నాకు చెప్పలేదేం?”

“చెప్పొద్దంది. ఆయనే చూసుకోవాలి, చెబితే మజా ఏముంది అంది. ఈ మూడేళ్ళూ చెబుదామా అని ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో! దానికి మాటిచ్చాను మరి.”

ఆయన వంగి చెప్పులు విప్పారు. భార్య మనసు కష్టపెట్టుకుని పోయిందని మూడేళ్ళుగా మోస్తున్నారు. ఆసుపత్రి మంచం మీద, తాను పక్కన లేని వేళల్లో, ఆవిడ తనని తలుచుకుని నవ్వుకుందని ఎవరు మాత్రం ఊహిస్తారు? కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

“బాగా నవ్విందా?”

“దగ్గొచ్చేదాకా,” అంది వదిన. “లే, కాళ్ళు కడుక్కో.”

గురువారం ఉదయం ఆయన చీటీని, మొదటి సంపుటాన్ని పట్టుకుని ఎడిటరుగారి గదిలోకి వెళ్ళారు. పుట తెరిచి ముందు పెట్టారు. పెద్దాయన భూతద్దంతో చదివి, కింద అక్షరాలు చూసి, మళ్ళీ చదివారు.

“కొంప ముంచావయ్యా.”

“అవునండీ. దీనికి సవరణ వెయ్యాలి. ఎల్ సంపుటం చివర తప్పొప్పుల పట్టికలో.”

“మొదటి సంపుటానికా? దాంట్లో ఒక్క తప్పూ దొర్లలేదని రెండో సంపుటం ముందుమాటలో నేను రాశాను. ఎవరి మాట నమ్మి రాశాను? నీ మాట! ఇరవై ఏడేళ్ళు మీసం మెలేసి తిరిగాం. ఇప్పుడెవడు చదువుతాడయ్యా అరిబార్? గుట్టుగా ఊరుకో.”

“ఒకావిడ చదివిందండీ. చదివి నమ్మింది.”

ఎడిటరుగారు భూతద్దం కింద పెట్టారు. కిటికీ బయట ఎవరో సైకిలు బెల్లు అదేపనిగా కొడుతున్నారు. పెద్దాయన కిటికీ రెక్క మూశారు.

“సరే, వేద్దాం. సవరణ కింద నీ అక్షరాలే పడతాయి. తప్పు చేసిందెవరో ఊరందరికీ తెలుస్తుంది.”

“తెలియనివ్వండి. యెగార్ చీటీలో ఓడ కథ ఐదు పంక్తులూ తీసేసి మూడు పంక్తులు రాశాను. అప్లికారే, ఆ యాత్రకెళ్ళినావిడ సంగతి, ఆధారం నంబరు. మార్పు మూడు పంక్తులు మించింది కాబట్టి...” ఆయన చీటీని ఎడిటరుగారి ముందుకి జరిపారు. “చీటీ చెయ్యి మారుతుంది. నియమం నియమమే. మీరు చెప్పినట్టే చేద్దాం.”

“నేనేం చెప్పానూ?”

“నియమం...”

“నియమం రాసింది నేను. ఎందుకు రాశాను? రాసినవాడు తప్పు రాస్తే, దిద్దినవాడి కష్టానికి గుర్తింపు ఉండాలని. ఇక్కడ ఆవిడ చేసిన తప్పేమిటి? మనం అచ్చేసిన పుస్తకం చూసి రాసింది. మన పుస్తకాన్ని మనవాళ్ళు నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు? తప్పు నీది. నువ్వు దిద్దింది నీ తప్పు. దానికి ప్రతిఫలంగా ఆవిడ చీటీ కూడా నీకే కావాలా? దొంగతనం చేసినవాడు సొమ్ము తిరిగిచ్చి, తెచ్చినందుకు కూలి అడిగినట్టుంది!”

మాస్టారు చీటీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

“నిలబడ్డావేం? వెళ్ళి సంతకం పెట్టు. ఆవిడ అక్షరాలు అలాగే ఉంచు. ఇంకోటి, మాస్టారూ...” పెద్దాయన చూపు పుస్తకం మీదే ఉంది. “ఆ తక్కిన ఇరవై ఒకటీ కూడా ఇంతేనా?”

“కాదండీ. వాటిలో తప్పులున్నాయి. చిన్నవే. నేను నోటితో చెబితే సరిపోయేవి. చెప్పకుండా దిద్దేశాను.”

“వాటికి నేనేమీ చెయ్యలేను.”

“తెలుసండీ.”

బల్ల దగ్గరికి వచ్చి కూచున్నారు. ఎర్ర సిరా పెన్ను తీసి చీటీ వెనక వైపు సంతకం పెట్టారు. చెయ్యి నిదానంగా కదిలింది. కామా వచ్చి చీటీ అందుకుని, పైనుంచి కిందికి ఒకసారి, కింద అక్షరాల దగ్గర ఇంకోసారి చూసింది. “రచయితల పట్టికలో ఒక పేరు ఎక్కించాలి మాస్టారూ,” అంది. అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టింది.

ప్రెస్సు పక్క వీధిలోనే. శుక్రవారం మధ్యాహ్నానికి ప్రూఫులు వచ్చాయి. తడి ఆరని సిరా వాసన. మాస్టారు అలవాటు ప్రకారం దిద్దేవాడి కళ్ళతోనే చదివారు. ఒక కామా తలకిందులైంది, ఒక పంక్తి పక్కకి జరిగింది, గుర్తు పెట్టారు. యెగార్ దగ్గరికి వచ్చేసరికి గుర్తు పెట్టడానికేమీ కనిపించలేదు. అయినా మూడుసార్లు చదివారు. ప్రెస్సు మనిషి గుమ్మంలో నిలబడి, “అయిందా సార్, మెషీన్ ఆగి ఉంది,” అని రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడిగేలోపు కాగితాలు అతని చేతికిచ్చేశారు. తప్పొప్పుల పేజీకీ యెగార్ పేజీకీ ఇంకో ప్రతి తీయించి జేబులో పెట్టుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి ఒళ్ళు గోనెసంచిలా అయిపోయింది. కుర్చీలో కూలబడి ఆ కాగితాలు వదిన చేతికిచ్చారు. ఆవిడ మొదట తప్పొప్పుల పట్టికే తీసింది.

“‘మొదటి సంపుటం, పుట రెండువందల పన్నెండు, అరిబార్. తెరచాపల ప్రస్తావన నిరాధారం. తొలగించి చదువుకోవాలి.’ కింద నీ అక్షరాలు. అబ్బ, చల్లగా ఉంది కడుపులో!”

“అది చాల్లెండి వదినా. రెండో పేజీ చూడండి.”

ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని రెండో పేజీ చదవడం మొదలుపెట్టింది. నర్సుగా మందుల చీటీలు చదివిన అలవాటు, ఒక్కొక్క మాటా విడిగా, గట్టిగా చదువుతుంది. అప్లికారే దగ్గర తడబడింది. ఇసుకలో నడిచి సముద్రం చేరినావిడ దగ్గర ఆగి, “ఒక్కతే వెళ్ళిందా?” అంది.

“తోడు ఉన్నార్లెండి.”

“అదీ మంచిదే.” మళ్ళీ చదువుతోంది. “‘అప్లై. ఎంప్లాయ్. డిస్‌ప్లే, మడతలు విప్పి చూపించడం. రిప్లై, వెనక్కి మడవడం.’ జవాబుకీ దీనికీ చుట్టరికమేమిటి మరిదీ?”

జవాబు రాలేదు. మాస్టారు కుర్చీలోనే నిద్రపోయారు. తల ఒక పక్కకి వాలిపోయింది. కాళ్ళకి ఇంకా చెప్పులున్నాయి.

వదిన లేచి, చప్పుడు కాకుండా ఆ చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది. తరవాత దీపం ఇటు తిప్పుకుని, పేజీ చివర చెల్లెలి రెండక్షరాల మీద వేలుంచి, చదవడం ఎక్కడ ఆపిందో అక్కడ్నించి ఈసారి మనసులోనే చదువుకుంది.